మధ్యలో పేరు

పోయిన మంగళవారం మా ఇంటికి ఒక చానెల్ వాళ్ళు వచ్చారు. కెమెరా పట్టుకున్న మనిషి ఒకరు, ప్రశ్నలడిగే అమ్మాయి ఒకతె. ముందురోజే ఫోన్ చేసి, "ఆ పాప్ సింగర్ గారి మేనత్తగారంటే మీరేనా అండీ?" అని ఖాయం చేసుకున్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నన్ను ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఆ ఒక్క హోదాతోనే గుర్తుపడుతున్నారు. దాచడమెందుకు, నేనూ సోఫా కవర్లు మార్చాను, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. ఆ అమ్మాయి మైకు నా పైటకి తగిలించి, "ఆవిడ గొంతులో ఏదో ఉందని మొట్టమొదట గుర్తుపట్టింది ఎవరండీ?" అని అడిగింది. "వాళ్ళమ్మ. వంటింట్లో పాడుకుంటూ ఉండేది, పక్కన కూర్చుని విని నేర్చుకుంది" అన్నాను. వాళ్ళకి కావలసింది అదే. సంతోషంగా కాఫీ తాగి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. తల్లి పాడిందీ నిజమే, పిల్ల విన్నదీ నిజమే. కానీ మొట్టమొదట గుర్తుపట్టింది నేను. గుర్తుపట్టి ఆ గొంతుని ఎందుకు వాడామన్నది కెమెరా ముందు చెప్పుకునే సంగతి కాదు. కాగితం మీద అయితే చెప్పగలనేమో చూద్దామని కూర్చున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఎందుకు రాయడం లేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా తమ్ముడిది మైకు సెట్ల షాపు. మార్కెట్ యార్డు నుంచి స్టేషనుకి వెళ్ళే దారిలో, రెండు బియ్యం మిల్లుల మధ్య ఇరుక్కుని ఉండేది. పొద్దున తుడిచిన ఆంప్లిఫయర్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసేంత తవుడు పేరుకునేది. పెళ్ళిళ్ళు, జాతర్లు, ఎన్నికలు, అన్నిటికీ వాడే వెళ్ళేవాడు. అయితే వీటన్నిటికీ ఒక కాలం అంటూ ఉంది. ఏడాది పొడుగునా ఉండేది చావులే. మా వైపు మనిషి పోతే ఆటో మీద రెండు బాకాలు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పి చెబుతారు. ఫోన్లు లేవా అంటారేమో, ఉన్నాయి. ఫోను చుట్టాలకి. మైకు ఊరికి. మైకు తిరక్కుండా వెళ్ళిపోయినవాళ్ళ గురించి, చెప్పాపెట్టకుండా పోయారన్నట్టు ఏళ్ళ తరబడి అనుకుంటారు. కబురు మైకులో అందని పల్లె నుంచి ఒక్క మనిషి రాడు సరికదా, ఆ తర్వాత ఆ ఇంటి శుభకార్యాలకి కూడా మొహం చాటేస్తారు. వరదల రోజుల్లో కొల్లేటి లంకల్లోకి ఆటో పోదు కనుక, దోనె మీద బాకా పెట్టుకుని నీళ్ళ మీద తిరిగి మరీ చెప్పి వచ్చేవాడు తమ్ముడు. ఆ పని వాడికి వ్యాపారం అనిపించేది కాదు. పుణ్యం అనుకునేవాడు.

పుణ్యం సరే, వాడి గొంతు పుట్టు బొంగురు. పైగా కంగారు మనిషి. చీటీ మీద పైన కబురు తెచ్చినవారి పేరూ, కింద పోయినవారి పేరూ రాసుకునేవాడు. ఒకసారి ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, తన తమ్ముడు పోయాడని చెప్పి చీటీ రాయించి వెళ్ళాడు. మావాడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి పై పేరు చదివేశాడు. కబురు తెచ్చిన మనిషే పోయాడని ఏడు ఊళ్ళకి చాటింపు వెళ్ళింది. మధ్యాహ్నానికి జనం దండలు పట్టుకుని వెళితే, ఆ పెద్దాయన అరుగు మీద తమ్ముడి శవం పక్కనే కూర్చుని ఉన్నాడట. ఎంత దుఃఖంలోనైనా మా జిల్లా మర్యాద పోదు కదా, లేచి నిలబడి, "నేను కాదండీ, మా తమ్ముడండీ. రండి, కూర్చోండి" అన్నాడట. అంతవరకూ నవ్వుకోవచ్చు. పుట్టింట్లో ఉన్న ఆయన భార్య ఆ చాటింపు రోడ్డు మీద విన్నది. గంటన్నర ప్రయాణం బస్సులో గుండెలు బాదుకుంటూ వచ్చి, వాకిట్లో నిలబడ్డ భర్తని చూసి అక్కడే పడిపోయిందట. మర్నాడు వాళ్ళ తరఫు మనుషులు నలుగురు షాపుకి వచ్చారు. తిట్టలేదు, అరవలేదు. "ఎంత పని చేశారండీ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. మా తమ్ముడు రెండు రోజులు మంచం దిగలేదు.

అప్పుడు నేను ఆపద్బాంధవి వేషం కట్టాను. "ఇక నుంచి కాగితం నేను రాసిస్తాను. చదివేవాళ్ళు మాత్రం తేటగా పలకాలి" అన్నాను. ఆ మాటంటూ ఉండగానే వరండాలో తమ్ముడి కూతురు పద్యం అప్పజెబుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నాకు పిల్లల్లేరు, దానికి పలకడం నేర్పింది నేనే. ఒక్క ఒత్తు పోదు, ఒక్క పొల్లు రాలదు. అంతే కాదు, ఆ గొంతులో ఏదో ఆదరం ఉండేది. దాని చేత కూరగాయల జాబితా చదివించినా వినబుద్ధయ్యేది. "ఇది చదువుతుంది" అన్నాను. నా మరదలు, అంటే పిల్ల తల్లి, కొల్లేటికోట మనిషి. నెమ్మదస్తురాలు. గుమ్మంలో నిలబడి, "ఏవండీ వదినగారూ, పసిదాని నోటమ్మట చావు మాట ఏంటండీ? రేపు ఆ నోరు మంచి మాటకి పనికొస్తుందాండీ?" అంది. నేను ఊరుకుంటానా! "మాటకి మైల ఏమిటమ్మా? పెళ్ళి మంత్రాలు చదివే నోరే తద్దినం మంత్రాలూ చదువుతుంది" అన్నాను. నెగ్గాననుకున్నాను. ఆవిడ కాపురానికి వచ్చినప్పటి నుంచీ నా మాటకి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజూ చెప్పలేదు. తల దువ్వాలని పిల్లని లోపలికి తీసుకుపోయింది.

షాపు వెనక గదిలో గోడలకి దుప్పట్లు కట్టి, చదువుకునే బల్ల మీద మైకు పెట్టారు. మొదలూ చివరా ఒకేసారి రికార్డు చేసి దాచుకున్నారు. "అందరికీ నమస్కారమండీ. ఒక విచారకరమైన వార్త" అన్నది మొదలు. "ఈ రోజు స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అన్నది చివర. ఈ రెండింటి మధ్యలో పేరు, ఊరు, వయసు. ఆ ముక్క మాత్రం ఎప్పటికప్పుడు చదవాలి. దాన్ని కంప్యూటర్లో మధ్యలో అతికించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం తమ్ముడి పని. పిల్ల బడి నుంచి రాగానే, సంచీ దించకుండా ఆ గదిలోకి వెళ్ళేది. కాగితం చూసి, "ఈయన ఏం చేసేవారు అత్తయ్యా?" అని అడిగేది. చేపలు పట్టేవారంటే ఒకలా, బడిపంతులుగారంటే ఒకలా పలికేది. ఏమిటా తేడా అంటే చెప్పలేను, కానీ ఉండేది. పోయినవాళ్ళ కొడుకులు షాపుకి వచ్చి, "మా నాన్నగారి పేరు ఆయన బతికుండగా కూడా ఎవరూ అంత గౌరవంగా పిలవలేదండీ" అని కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి. ఆ పాప గొంతే కావాలని ఉండి అవతల నుంచి కూడా వచ్చేవారు. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. ఏళ్ళు గడిచి పిల్ల గొంతు మారుతున్నా, మొదలూ చివరా మాత్రం తమ్ముడు మార్చలేదు. ఆ తొమ్మిదేళ్ళ గొంతు వింటేనే జనం కరిగేవారు.

నా మరదలు భయపడ్డది జరగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బడిలో పిల్లలు దాన్ని "చావు మైకు" అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లల సంగతి వదిలేద్దాం, పెద్దవాళ్ళూ నయం కాదు. ఒకసారి తోటి పిల్ల ఇంటికి నోటుబుక్కు అడగడానికి వెళ్ళింది. ఆ ఇంట్లో ముసలాయన మంచం మీద ఉన్నాడు. ఆయన భార్య గుమ్మానికి అడ్డం నిలబడి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, మా ఇంటి ముందు మాట్లాడకమ్మా" అందట. అది ఇంటికి వచ్చి ఏడవలేదు. "అత్తయ్యా, ఆవిడ నాకు నిజంగానే దణ్ణం పెట్టిందండీ" అని ఆశ్చర్యంగా చెప్పింది. అప్పటి నుంచీ పరాయి ఇళ్ళకి వెళితే గుసగుసగా మాట్లాడటం నేర్చుకుంది. స్కూలు వార్షికోత్సవంలో పాడితే, ముందు వరసలో కూర్చున్న ఒకావిడ రెండో చరణం దాకా కూడా ఆగలేక, నోట్లో కొంగు కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే వాళ్ళ ఇంటి కబురు చదివింది మా పిల్ల. మర్నాటి నుంచి ప్రార్థన వరసలో పాడటానికి దాన్ని పిలవలేదు. చుట్టాల పెళ్ళిలో హారతి పాట అందుకోబోతే, ఎవరో మెల్లిగా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. లాగిన చెయ్యి ఎవరిదో నేను చూశాను. మా సొంత మనిషిదే. ఇదంతా మూఢత్వమని ఇంటికొచ్చి ఉపన్యాసం ఇచ్చానే తప్ప, ఆ పని మానిపించాలని మాత్రం నాకు తోచలేదు.

తోచింది తల్లికి. ఆవిడకి చదువు పెద్దగా లేదు కానీ పాట ఉంది. వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని, కూతురి చేత గొంతెత్తి పాడించేది. ఆదివారం పూట పాసింజరు బండిలో ఏలూరు తీసుకెళ్ళి, పాట నేర్పే ఒకావిడ దగ్గర కూర్చోబెట్టేది. ఏలూరులో ఈ గొంతు ఎవరికీ తెలియదు కదండీ, అక్కడైతే పాడుకుంటుందండీ అని నాతో అంది. భర్త దగ్గర కూడా ఒక మాట తీసుకుంది. పిల్ల పదో తరగతిలోకి రాగానే మైకు గది బంద్. మా తమ్ముడు సరేనన్నాడు. అడిగితే దేనికైనా సరేననేవాడు. పిల్ల పదిలోకి వచ్చాక కూడా, చావు కబురు వచ్చినప్పుడు మాత్రం, ఈ ఒక్కసారికి అనేవాడు. ఎదురుగా ఏడుస్తూ నిలబడ్డ మనిషికి కాదని చెప్పడం వాడికి రాదు. పిల్లకీ వచ్చేది కాదు.

దానికి పద్నాలుగేళ్ళు వచ్చిన ఏడాది తల్లికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించి, పథ్యం పెట్టి, తగ్గుతుందని చూస్తూ కూర్చున్నాం. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మనిషి మగతలో ఉంది. నాలుగో రోజు పొద్దున ఏడింటికి పోయింది. తొమ్మిదిన్నరకల్లా ఇంటికి తెచ్చాం. సాయంత్రం లోపల దహనం చెయ్యాలి, కొల్లేటికోటకి కబురు వెళ్ళాలి. ఆవిడ ఆ ఊరి ఆడపడుచు. పుట్టిన ఊళ్ళో మైకు తిరక్కుండా సాగనంపితే ఆ ఊరికే అవమానం. మా తమ్ముడు వెనక గదిలోకి వెళ్ళి మైకు ముందు కూర్చున్నాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. బయటికి వచ్చి, "నావల్ల కాదక్కా" అని షాపు మెట్ల మీద కూలబడ్డాడు.

నేను చదివి ఉండొచ్చు. అక్షరం నాది, ఉచ్చారణ నాది, గొంతు బాగానే ఉంది. ఎందుకు చదవలేదన్న ప్రశ్న పదమూడేళ్ళుగా నాకు నేను వేసుకుంటూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం నాకు ఒకటే తోచింది. ఊరందరి తల్లులకీ చదివిన పిల్ల, సొంత తల్లికి చదవకపోతే ఎలా? ఆవిడకి మాత్రం ఆ గౌరవం దక్కొద్దా? నిజంగానే అలా అనుకున్నాను. శవం దగ్గర కూర్చున్న పిల్లని చెయ్యి పట్టుకుని లేపి, "రెండు ముక్కలే కదమ్మా. పేరు, వయసు. నువ్వు చదివితే అమ్మకి గౌరవం" అన్నాను. లేచి వచ్చింది. కాగితం తీసుకుంది. ఎప్పుడూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగలేదు. తల్లి పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, వయసు ముప్ఫై ఎనిమిది సంవత్సరాలు. ఒక్కసారికే చదివింది. గొంతు వణకలేదు, ఒక్క అక్షరం జారలేదు. ఆ తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకోవడం, బయట ఆటో స్టార్టు కావడం గుర్తున్నాయి.

ఆటో కొల్లేటికోట దారి పట్టే ముందు మా ఊళ్ళో తిరిగింది. మా వీధికి మూడుసార్లు వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు నమస్కారం చెప్పేది. పద్నాలుగేళ్ళ పిల్ల గొంతు తల్లి పేరు చెప్పేది. మళ్ళీ ఆ తొమ్మిదేళ్ళ పిల్లే చింతిస్తున్నాము అనేది. ఆ మాట రికార్డు చేసిన సాయంత్రం తల్లి ఇంట్లో దానికోసం అట్లు పోస్తూ ఉంది. మొదటిసారి ఆటో వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఘొల్లుమన్నారు. రెండోసారి పిల్ల వైపు చూడటానికి భయపడ్డారు. మూడోసారి ఆటో వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే, అది ముందుకు వంగి, తల్లి రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసింది. కబురు పూర్తయి ఆటో వెళ్ళిపోయేదాకా అలాగే పట్టుకుని ఉంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పదకొండో రోజు దాటింది, నెల దాటింది, పిల్ల గొంతు తిరిగి రాలేదు. మూగబోయిందని కాదు. ఊపిరితో మాట్లాడేది. అన్నం కావాలన్నా, వద్దన్నా, దగ్గరికి వెళ్ళి వినాల్సిందే. ఏలూరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపిస్తే, లోపల అంతా బాగానే ఉందండీ అన్నాడు. పాట ఊసే లేదు. ఇంకొకటి కూడా కొన్నాళ్ళకి కనిపెట్టాను. మనుషుల పేర్లు పలకడం మానేసింది. స్నేహితురాలిని "ఏవండీ" అని పిలిచేది. బళ్ళో నీ పేరేమిటని కొత్త మాస్టారు అడిగితే నోటుబుక్కు మీది పేరు చూపించింది. తను నోరారా పలికిన పేర్లన్నీ పోయినవాళ్ళవే కదా. మా తమ్ముడు చావులకి వెళ్ళడం మానేశాడు. అప్పుడు మానేయడం వల్ల ఎవరికేం ఒరిగింది? ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "అక్కా, మనం దాని గొంతు వాడేసుకున్నామే" అన్నాడు.  

ఆ చలికాలం దాని మేనమామ వచ్చాడు. కొల్లేటికోటలో చేపల చెరువులు చూసే మనిషి, పెద్దగా మాటకారి కాదు. "వదినగారూ, పిల్లని మా ఊరు తీసుకెళతానండీ. అక్కడ మాట్లాడాల్సిన పనేం ఉండదండీ" అన్నాడు. అంతమంది చదువుకున్నవాళ్ళం చెప్పలేని వైద్యం అది. తీసుకెళ్ళాడు. ఆ రోజుల్లో నీటికాకులూ గూడబాతులూ గుంపులుగా దిగి చెరువుల్లో చేపపిల్లల్ని ఖాళీ చేసేవి. గట్ల మీద తిరుగుతూ, రేకు డబ్బాలు వాయిస్తూ, కేకలు పెడుతూ వాటిని లేపుతూ ఉండాలి. పిల్ల కూడా మామయ్య వెంట డబ్బా పట్టుకుని తిరిగేది. మూడు వారాలకి ఒక ఉదయం ఆయన నాకు ఫోన్ చేశాడు. "పిల్ల అరిచిందండీ" అన్నాడు.  ఒక పక్షుల గుంపు చెరువు మధ్యలో దిగిందట. డబ్బా చప్పుడికి లేవలేదు. అది గట్టు చివరికి పరిగెత్తి, మాటా కాదు పాటా కాదు, ఒక కేక పెట్టిందట. పక్కచెరువు పక్షులు కూడా లేచాయట. ఆ తర్వాత ఆపలేదు. పక్షులన్నీ పోయినా, ఖాళీ నీళ్ళ మీదకి అలా అరుస్తూనే ఉందట, గొంతు బొంగురుపోయేదాకా. మేనమామ ఆపమనలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చానండీ అన్నాడు.

నేను వెళ్ళి విన్నాను. లోపలెక్కడో తల్లి పాటల సాగతీత ఉంది, కానీ ఒక్క మాట లేదు. మాట లేదు గనుక పేరు లేదు, పేరు లేదు గనుక ఎవరికీ ఏమీ కాదు. దానికి కావలసింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఇంటరు ఏలూరులో చదివింది. హాస్టల్లో గిటారు వాయించే పిల్ల ఒకతె తోడైంది. ఆ పిల్ల పాటలు కట్టేది, మా పిల్ల ముందు కేకలే వేసేది, తర్వాత్తర్వాత మాటలు కూడా పాడింది. పదిహేడో ఏట వీళ్ళిద్దరినీ మా ఊరి ఇంజినీరింగ్ కాలేజీ పండగకి పాడటానికి పిలిచారు. తమ్ముడూ నేనూ వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాం. అది మైకు దగ్గరికి వచ్చి, "అందరికీ నమస్కారమండీ" అంది. ఆ గొంతుకి ఆ మాటలు తోడయ్యేసరికి, మా ఊరి పిల్లలు గుర్తుపట్టేశారు. వెనక నుంచి ఒకడు, మా వైపు వెటకారం ఎంత మర్యాదగా ఉంటుందో అంత మర్యాదగా, "ఎవరు పోయారండీ?" అని అరిచాడు. మైదానమంతా నవ్వు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.  పిల్ల దిగి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే ఇక జన్మలో పాడదని కూడా అనుకున్నాను. అది మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగి, "మా అమ్మండీ" అంది.

నవ్వు ఆగిపోయింది. అప్పుడు ఆ కేక అందుకుంది. పక్షుల్ని లేపే కేకే, మైదానంలో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. అందులోంచే పాటలోకి దిగింది. పాట అయ్యాక వెర్రిగా చప్పట్లు కొట్టారు, మళ్ళీ పాడమన్నారు. నేను చప్పట్లు కొట్టలేకపోయాను. పాట బాగా లేక కాదు. ఆ రోజు అందరి కన్నా ఎక్కువ గర్వపడాల్సిన మనిషిని నేనే, అందరి కన్నా ఎక్కువ సిగ్గుపడాల్సిన మనిషినీ నేనే. రెండూ ఒకేసారి ఎలా మొయ్యాలో తెలియలేదు.

మిగతాది మీకు తెలిసిందే. హైదరాబాదు, సినిమాలు, వేలమంది ముందు ఆ కేక. పాట మొదట్లో వచ్చే ఆ అరుపు ఏదో విదేశీ బాణీ అని పేపర్లలో రాస్తుంటారు. కొల్లేటికోట మేనమామ అది చదివించుకుని, గూడబాతులు కూడా విదేశాల నుంచే వస్తాయి కదండీ అన్నాడు. ఇప్పటికీ వేదిక మీద తోడు వాయించేవాళ్ళని పరిచయం చెయ్యాల్సి వస్తే, మైకు వాళ్ళ చేతికే ఇచ్చి మీరే చెప్పుకోండి అంటుంది. అభిమానులు దాన్ని వినయం అనుకుంటారు. ఇంకో సంగతి వాళ్ళకి తెలియదు. ఆ చావు కబురు మొదలూ చివరా ఎప్పుడో ఎవరో తీసుకున్నారు, ఒక షాపు నుంచి ఇంకో షాపుకి పాకాయి. ఉండి వైపు ఊళ్ళల్లో ఇవాళ్టికీ ఎవరైనా పోతే, మధ్యలో ఎవరో మగమనిషి పేరు చదువుతాడు, చివర ఆ తొమ్మిదేళ్ళ గొంతే చింతిస్తుంది. అదే ఆటోలో పెళ్ళి రోజున దాని సినిమా పాట మోగుతుంది. రెండూ ఒకే మనిషివని ఎవరూ పోల్చుకోరు.

ఈ ఎండాకాలం తండ్రి కంటి ఆపరేషన్ కోసం వచ్చి పది రోజులుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం మా వెనక వరండాలో కూర్చుని ముంజెలు తీసుకుంటున్నాం. పదమూడేళ్ళుగా నా నోట్లో నానుతున్న మాట ఎందుకో అప్పుడు జారింది. "ఆ రోజు నిన్ను చదవమనకుండా ఉండాల్సిందమ్మా. నేను చదివేస్తే పోయేది. తప్పు నాదే" అన్నాను. అది తలెత్తలేదు. ముంజె పొట్టు చివరిదాకా తీసి నా చేతిలో పెట్టింది.

"చదవమన్నందుకు నాకేం కోపం లేదత్తయ్యా. ఎవరో ఒకరు చదవాలి కదండీ. అమ్మకి నేను చదవడమే బాగుంటుందని నాకూ అనిపించింది."

 తర్వాత చాలా మామూలుగా, నిన్నటి సంగతి చెబుతున్నట్టుగా అంది.

"చదివాక మీరు నా వీపు తట్టి, బాగా వచ్చిందమ్మా అన్నారు. అదొక్కటేనండీ."

నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ముప్ఫై ఏళ్ళు ఏ పిల్ల ఏం చదివి ముగించినా, వీపు తట్టి ఆ మాట అనడం నా చేతికీ నోటికీ అలవాటు. అని ఉంటాను. తప్పకుండా అనే ఉంటాను. అది ఇంకో కాయ అందుకుంది, నేను చేతిలో ముంజె పట్టుకుని అలాగే కూర్చున్నాను. కాలం అన్నీ మరిపిస్తుందని ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందికి పరామర్శ చెప్పి వచ్చానో లెక్క లేదు. మరిపించింది, కానీ ఆ మాట అన్న నాకు మరిపించింది. విన్న పిల్ల మాత్రం ఇంకా ఆ గదిలోనే, పద్నాలుగేళ్ళ వయసులోనే, కాగితం పట్టుకుని నిలబడి ఉంది.